స్మాల్ సెల్ అని తేల్చిచెప్పిన పాథాలజీ మేడమ్ గారికి, తోడు నిలిచిన అందరికీ ధన్యవాదాలు

గర్భాశయ ముఖద్వార కేన్సర్లలో చాలా అరుదైన స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ రకం (నాడీ, హార్మోను కణాల లక్షణాలున్న చిన్న కణాల కేన్సర్) మా పేషెంటుకు ఉందని సకాలంలో తేలింది. ఆ ఘనత ముందుగా పాథాలజీ మేడమ్ గారిది.

ఈ కణాలు బయాప్సీ తీసేటప్పుడే నలిగి, స్లైడు మీద నీలం చారల్లా కనబడతాయి. మామూలు స్క్వామస్ (పైపొర కణాల) కేన్సరనో, లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) అనో పొరబడటం చాలా తేలిక. హెచ్‌పీవీ వైరస్ జాడ చూపే పి16 పరీక్ష పాజిటివ్ వచ్చినా ఒరిగేదేమీ లేదు, మామూలు రకంలాగే ఈ రకం కూడా ఎక్కువగా హెచ్‌పీవీ 18, 16 వల్లే వస్తుంది. మేడమ్ గారు అక్కడితో ఆగకుండా న్యూరోఎండోక్రైన్ కణాలను గుర్తించే సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్, ఐఎన్ఎస్ఎం1 స్టెయిన్లు (కణాల్లోని ప్రొటీన్లను చూపే రంగు పరీక్షలు) వేయించారు. అలాంటిదే అయిన సీడీ56 స్టెయిన్ ఒక్కదాన్నే నమ్మలేదు, అది వేరే కణితుల్లోనూ పాజిటివ్ వస్తుంది. లింఫోమా కాదని రూఢి చేసుకోవడానికి సీడీ45, స్క్వామస్ కాదని చూడటానికి పీ40 కూడా చేయించారు.

అడగగానే పారఫిన్ బ్లాకు (బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) పంపిన మొదటి ల్యాబువారికీ నమస్కారాలు. రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్లు రిపోర్టు, స్లైడులతో సరిపెట్టుకోకండి, బ్లాకు కూడా అడిగి తీసుకోండి. కొత్త స్టెయిన్లు వేయాలంటే అదే కావాలి.

పేరు మారితే మందు మారుతుంది. మామూలు రకానికి రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడం మామూలు. ఇది రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు త్వరగా పాకుతుంది కాబట్టి ముందే పెట్-సీటీ (ఒళ్లంతా ఎక్కడికైనా పాకిందేమో చూసే స్కాన్) తీయాలి, సిస్‌ప్లాటిన్‌కు ఎటోపొసైడ్ అనే మరో కీమో మందు జతచేసి 21 రోజులకొక సైకిల్ ఇవ్వాలి.

ఆ కీమో ఇచ్చిన నర్సు అక్కలకు ఎంత చెప్పినా తక్కువే. ఎటోపొసైడ్ త్వరగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది, కనీసం గంట పట్టాలి. మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాములు మించి చిక్కగా కలిపితే సీసాలోనే స్ఫటికాలు కడుతుంది. అందుకే 150 మిల్లీగ్రాముల డోసును 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపేవారు. సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా సెలైన్, మెగ్నీషియం, మూత్రం లెక్క, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) ఏదీ మరిచిపోలేదు. 38 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా రమ్మని ఇంట్లోవాళ్లకు పదేపదే చెప్పారు.

25 విడతల్లో 45 గ్రే (రేడియేషన్ కొలత) బయటి రేడియేషన్, ఆపై బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్), మొత్తం ఎనిమిది వారాల్లోపే ముగించిన రేడియేషన్, ఫిజిక్స్ బృందాలకూ కృతజ్ఞతలు. మధ్యలో గ్యాప్ వస్తే కణితికి కోలుకునే వీలు దొరుకుతుంది.

బ్లాకులో మిగిలిన భాగాన్ని పాథాలజీవారు భద్రపరిచారు. రేపు కొత్త పరీక్ష అవసరమైతే మళ్లీ బయాప్సీ జోలికి పోకుండా అదే పనికొస్తుంది. ఇందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.