జురోంగ్ సంగతి

చిన్నా,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కొద్దంటే మాత్రం వినదు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పని ఒత్తిడిలే. సీతత్త ఏదో అంది కానీ నేను పట్టించుకోలేదు.

పొద్దుపోక మీ సింగపూర్ గురించి చదువుతున్నా. మేమొచ్చినప్పుడు నువ్వు జురోంగ్ మీదుగా తీసుకెళ్తుంటే నేను ఏసీకి హాయిగా నిద్రపోయాను, ఇప్పుడు సిగ్గేస్తోంది. ఒకప్పుడు అక్కడ చాలావరకు చిత్తడి నేలేనట. గో కెంగ్ స్వీ అని ఆర్థిక మంత్రి, 1961 నుంచి గుట్టలు చదును చేయించి, చిత్తడి పూడ్పించి, ఫ్యాక్టరీలకి స్థలాలు సిద్ధం చేయించాడు. మొదట్లో ఏళ్ళ తరబడి చాలా స్థలాలు ఖాళీగానే పడున్నాయి, జనం దానికి 'గో గారి పిచ్చి' అని పేరు పెట్టారు. మరి ఆ దేశానికి గనుల్లేవు, నూనె బావుల్లేవు, అప్పట్లో తాగే నీళ్ళకి కూడా పక్కనున్న మలేషియాలోని జోహోర్ పైపుల కేసి చూడాల్సొచ్చేది. ఆయన కారులో వెళ్తూ బడి వదిలిన పిల్లలు వందల మంది బయటికి రావడం చూస్తే గుండె జారిపోయేదట, వీళ్ళందరికీ ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి తేవాలని. నాకిది బాగా అర్థమైంది. మీ ఇద్దరికే నాకు నిద్ర పట్టేది కాదు.

1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయినప్పుడు ప్రధాని లీ క్వాన్ యూ టీవీ కెమెరాల ముందే ఏడ్చేశాడు. అంతటి మనిషి ఊరందరి ముందూ ఏడ్చాడు, నువ్వేమో ఇంట్లో వాళ్ళకి... సరే, వదిలేయ్.

మళ్ళీ 1968లో బ్రిటిష్ వాళ్ళు సైన్యాన్ని తీసేస్తామన్నారు, వేలమంది జీతాలు పోయే పని. వీళ్ళు కూర్చుని ఏడవలేదు, సెంబవాంగ్‌లో నౌకాదళం డాకుని ఓడల రిపేరు యార్డు చేసుకున్నారు. అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీలు రావడం మొదలైందీ ఆ రోజుల్లోనే. ఉద్యోగం అన్నాక వస్తుంది, పోతుంది. మిల్లు మూసేసినప్పుడు నేనేం చేశానో అమ్మనడుగు. ఈపీ, అదే ఆ ఉద్యోగ పాసు మీద ఉన్న వాళ్ళకి సీపీఎఫ్, అంటే అక్కడి పీఎఫ్ లాంటిది, ఉండదు, నీ డబ్బు నువ్వే దాచుకోవాలిరా అని ఎన్నిసార్లు చెప్పాను? క్లాసు పీకనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను, ఇదీ వరస. అన్నట్టు ఈపీ కేన్సిలయితే 30 రోజులే ఉండనిస్తారటగా? ఊరికే అడుగుతున్నా.

రాత్రిళ్ళు ఆ నూడుల్స్ మానెయ్, కుక్కర్ పెట్టుకోడానికి ఎంతసేపు. 14న ఎదురింటి మూర్తిగారబ్బాయి అక్కడికొస్తున్నాడు. అమ్మ ఆవకాయ, కందిపొడి కడుతోంది, సీసాల్లో వద్దని డబ్బాలు నేనే తెచ్చాను. అతనికి ఏ అడ్రసు ఇవ్వమంటావు? పాత రూములోనే ఉన్నావా?

నాన్న