కంప్యూటరు చెప్పే పిచ్చి కథలతో తెలుగు

సంపాదకులకు నమస్కారం.

సెలవులొస్తే చాలు పిల్లలు కంప్యూటరుకు అతుక్కుపోతున్నారని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్ళలో వినిపించే ఫిర్యాదే. ఆ కంప్యూటరు చేతనే అర్థంపర్థం లేని తెలుగు కథలూ పద్యాలూ పుట్టించే ఆటను వాళ్ళకు నేర్పితే, ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతూ తెలుగును ఇంటి మాటగా మాత్రమే ఎరిగిన పిల్లలకు ఎంతో మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ఆట చాలా చిన్నది. ఎవరు, ఎక్కడ, దేనిని, ఏం చేశారు అని నాలుగు జాబితాలు రాసి, ఒక్కో జాబితా నుంచి ఒక మాటను తోచినట్టు ఏరి వరసగా పేర్చమని కంప్యూటరుకు చెబితే సరిపోతుంది. జాబితాకు 20 మాటలున్నా 1,60,000 వాక్యాలు వస్తాయి. మా ఇంట్లో పిల్లలు ఇలా చేసినప్పుడు 'ఏనుగు మహేంద్రతనయ ఒడ్డున గొడుగును పెళ్ళాడింది' అని వచ్చింది. ఆ వెంటనే 'తాతయ్య ఇల్లులో చందమామను వేయించింది' అని వచ్చేసరికి పకపకా నవ్వి, ఇల్లులో కాదు ఇంట్లో అనీ, వేయించింది కాదు వేయించాడు అనీ వాళ్ళే దిద్దారు. ఒడియాలో క్రియ లింగాన్ని బట్టి మారదు కనుక మన పిల్లలు రాతలో తడబడేది సరిగ్గా ఇక్కడే. కంప్యూటరు తప్పును సరిచేయాలంటే ప్రతి నామవాచకం పక్కన దాని లింగ వచనాలు రాయక తప్పదు; అప్పుడు అమ్మాయీ ఏనుగూ ఒకే తీరుగా 'వచ్చింది' అన్నా, అమ్మాయిలు 'వచ్చారు', ఏనుగులు 'వచ్చాయి' అనే తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసొస్తుంది. ఊరు ఊళ్ళో, చెయ్యి చేతిలో, నెయ్యి నేతిలో అయ్యే తీరు కూడా అంతే.

పెద్ద పిల్లలు ఆటవెలది పద్యానికి పూనుకోవచ్చు. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్య గణాలే కనుక, గురులఘువులను లెక్కించే పని కంప్యూటరుకు నేర్పడం కష్టం కాదు. పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక చోట జత అక్షరం కుదర్చవలసిన యతి దగ్గర మాత్రం పెద్దల సాయం కావాలి.

ఇది కొత్త వింత కాదు. 1952లోనే బ్రిటిష్ కంప్యూటరు శాస్త్రవేత్త క్రిస్టొఫర్ స్ట్రేచీ మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు చేత ప్రేమలేఖలు రాయించారు. 1984లో ఇళ్ళలోని కంప్యూటర్ల కోసం వింత వింత మాటలు చెప్పే 'రాక్టర్' అనే ప్రోగ్రాము అమ్మకానికి వచ్చింది. ఈనాడు అడిగిన వెంటనే నున్నటి కథ అల్లి ఇచ్చే చాట్‌బాట్‌లు ఉన్నా, పిల్లలకు కావలసింది ఆ కథ కాదు, దానిని తమ చేతులతో పుట్టించే అవకాశం.

పిచ్చి రాతలతో భాష చెడుతుందని కొందరు పెద్దలు అంటున్నారు. అవధానంలో ఇచ్చిన పొంతన లేని మాటలతో పద్యం చెప్పే దత్తపదిని, మధ్యలో సంబంధం లేని ప్రశ్నలతో నవ్వించే అప్రస్తుత ప్రసంగాన్ని మెచ్చుకునే మనం పిల్లల ఆటను చూసి భయపడనక్కరలేదు. పలికే తెలుగును రాతలోకి తేవాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పిల్లలు తమ జాబితాల్లో ఇక్కడి ఇళ్ళలో పలికే మాటలనే చేర్చుకోవడం ఎంతైనా మంచిదే.

మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికొక మాటల జాబితాను లింగ వచనాలతో, విభక్తి రూపాలతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. గుణుపురం, రాయగడ, బరంపురం పిల్లలు పుట్టించిన వాక్యాలకు కూడా ఆ పేజీలో కొంత చోటు ఇవ్వండి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా