రాత్రి బస్సు కదిలే ముందు ఆ అత్యవసర ద్వారాన్ని ఒక్కసారి తెరిపించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా శాఖల మంత్రివర్యులకు,

నమస్కారాలు.

ఉద్యోగరీత్యా నెలకు రెండుసార్లు హైదరాబాదు నుంచి బెంగళూరుకు రాత్రి బస్సులో వెళ్ళివస్తుంటాను. ఈ లేఖను మీ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. నేనెక్కే బస్సు ఒక రాష్ట్రంలో బయలుదేరి, రెండో రాష్ట్రం మీదుగా మూడో రాష్ట్రానికి చేరుతుంది. దాని నంబరు ప్లేటు మాత్రం తరచుగా ఈ మూడింటిలో దేనిదీ కాదు. అలాంటి బస్సు బాగోగులు ఎవరిని అడగాలో ప్రయాణికుడికి తెలియదు కనుక ఇద్దరినీ అడుగుతున్నాను.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొనగా డీజిలు ట్యాంకు పగిలి మంటలు లేచి 45 మంది చనిపోయారు. దాదాపు పన్నెండేళ్ళకు, 2025 అక్టోబరు 24న, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు, అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును కింద ఇరికించుకుని ఈడ్చుకుపోవడంతో అంటుకుంది. అందులో 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బస్సుది డామన్ డయ్యూ నంబరు. దానికి పది రోజుల ముందే రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర మరో ఏసీ స్లీపర్ బస్సు కాలి 20 మందికి పైగా మరణించారు. 2023 జులై 1న మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సు తలుపున్న వైపుకే ఒరిగి పడిపోయింది. మంటల్లో 25 మంది పోయారు.

నిప్పు ఒక్కోచోట ఒక్కో రకంగా పుట్టింది. కల్వర్టులను, రోడ్డు మీద పడిన బైకులను, తెగిన తీగలను ముందే కనిపెట్టి తప్పించడం ఏ మంత్రికీ పూర్తిగా సాధ్యం కాదని ఒప్పుకుంటాను. కానీ నిప్పు పుట్టాక లోపలున్నవాళ్ళు దిగడానికి దారి ఉందా, ఆ దారి వాళ్ళకు తెలుసా అన్నది బస్సు కదలకముందే తేల్చగలిగిన విషయం. నేను అడుగుతున్నది దాని గురించే.

స్లీపర్ బస్సులో 30కి పైగా బెర్తులకు మధ్య ఒకే ఒక సన్నని నడవ ఉంటుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదిగి నిలబడాలి. ప్రతి బెర్తుకూ కర్టెను, దాని కింద రెక్సిన్ చుట్టిన ఫోమ్ పరుపు ఉంటాయి. ఇవి అంటుకుంటే మంటకంటే ముందు పొగ కమ్ముకుంటుంది. వేడి, పొగ పైకే పోతాయి కనుక పై బెర్తులో పడుకున్నవాడు లేచి కూర్చునేసరికే ఊపిరాడదు. ముందు తలుపు గాలి ఒత్తిడితో తెరుచుకునే రకమైతే, వైర్లో గొట్టాలో కాలాక అది మొరాయించవచ్చు. ఇక మిగిలేవి వెనకనుండే అత్యవసర ద్వారం, కిటికీ అద్దాలు. చిన్నటేకూరులో బయటపడ్డవాళ్ళలో చాలామంది అద్దాలు పగలగొట్టుకునే బయటపడ్డారు.

ఆ ప్రమాదం తరువాత నేను బస్సెక్కగానే వెనక్కి వెళ్ళి చూడడం అలవాటు చేసుకున్నాను. ఒక బస్సులో అత్యవసర ద్వారానికి అడ్డంగా పరుపు ఉంది. ఆ పరుపు మీద ఒక పెద్దాయన అప్పటికే నిద్రపోతున్నారు. మరో బస్సులో అద్దాలు పగలగొట్టే సుత్తి ఉండవలసిన చోట దాన్ని తగిలించే ప్లాస్టిక్ కొక్కెం మాత్రం ఉంది. క్లీనర్ కుర్రాణ్ణి అడిగితే, ‘ఎవరో ఒకరు పట్టుకుపోతారని డ్రైవరన్న దగ్గర పెట్టాం సార్’ అన్నాడు. ఆ డ్రైవరన్న క్యాబిన్‌కూ నా బెర్తుకూ మధ్య ఓ అద్దం తలుపు, ఇరవై మంది మనుషులు ఉన్నారు. కుర్రాడి తప్పేమీ లేదు. ఆ సుత్తి ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. గట్టిపరచిన అద్దాన్ని నడిమధ్యన కాక, మూలకు దగ్గరగా మొనతో కొడితే తేలిగ్గా పగులుతుందన్న సంగతి నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

నియమాలు లేవని నేననడం లేదు. స్లీపర్ బస్సుల నిర్మాణానికి ఏఐఎస్-119 అనే ప్రమాణం ఉంది. దూరప్రయాణపు బస్సుల్లో ప్రయాణికులుండే భాగానికి కూడా మంటలను గుర్తించి హెచ్చరించి అదుపుచేసే వ్యవస్థ ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయితే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం పగటిపూట ఖాళీ బస్సును బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ముందు నిలబెట్టినప్పుడు ఉండే బస్సు వేరు, రాత్రి పది గంటలకు కూకట్‌పల్లిలో సామానుతోనూ మనుషులతోనూ నిండిన బస్సు వేరు. ప్రమాదం జరిగిన వారంలో హైవేల మీద ఆపి తనిఖీ చేసి కేసులు రాశారు, సంతోషమే. తరువాతి నెలల్లో నన్ను ఎక్కించుకున్న ఏ బస్సునూ ఎవరూ ఆపి చూడగా నేను చూడలేదు.

కాబట్టి తనిఖీని బయలుదేరే చోటికి తీసుకురండి. నగరం దాటే ముందు ఆఖరి బోర్డింగ్ పాయింటులో, అందరూ ఎక్కాక, సిబ్బంది అత్యవసర ద్వారాన్ని నిజంగా తెరిచి మూయాలి. సుత్తులు ఎక్కడున్నాయో, అద్దాన్ని ఎక్కడ కొట్టాలో తెలుగులోనూ ఇతర భాషల్లోనూ చెప్పాలి. విమానంలో ప్రతిసారీ చెబుతారు, ఎవరూ విసుక్కోరు. రెండు నిమిషాల పని ఇది. చెయ్యని బస్సు ఆ రాత్రికి కదలకూడదు. జరిమానా కట్టి కదిలే వీలుంటే యజమాని దాన్నీ టికెట్టులోనే కలిపేస్తాడు.

డిక్కీ సంగతి వేరే చెప్పాలి. చిన్నటేకూరు బస్సులో వందల సంఖ్యలో మొబైల్ ఫోన్లున్న పార్శిలు ఉందని అప్పట్లో పత్రికల్లో చదివాం. లిథియం బ్యాటరీలు ఒకసారి వేడెక్కి అంటుకుంటే ఒకదాన్నుంచి మరొకదానికి పాకుతాయి, మంటలార్పే మామూలు పౌడరు సిలిండరు వాటి ముందు ఎక్కువసేపు నిలవదు. నిద్రపోతున్న మనుషుల కింద ఎవరి సరుకో తెలియని అట్టపెట్టెలు పెట్టుకుని పోవడానికి అది లారీ కాదు. ప్రయాణికుల సామాను తప్ప మరేదీ ఎక్కించకూడదన్న ఉత్తర్వును ఇద్దరూ ఒకేరోజు ఇవ్వాలని మనవి, లేకపోతే పార్శిళ్ళు ఆంధ్రలోని కర్నూలులో దిగి, సరిహద్దు అవతల తెలంగాణలోని అలంపూర్ చౌరస్తాలో ఎక్కుతాయి.

చైనా 2012 మార్చి నుంచి కొత్త స్లీపర్ బస్సుల తయారీ, అమ్మకాలనే ఆపేసింది. ఇక్కడా నిషేధించండని కొందరు అంటున్నారు. పండగ ముందు రైలు టికెట్టు దొరకని మా వంటివాళ్ళకు ఈ బస్సులు తప్ప మరో దిక్కు లేదు కనుక నేను ఆ మాట అనలేను.

బస్సు ముందు తలుపు పక్కన, ప్రయాణికుడి కంటికి ఎదురుగా, ఆ రోజు తనిఖీ ఎవరు చేశారో, ఎన్ని గంటలకు చేశారో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండే ఏర్పాటు చేయండి. కింద ఫిర్యాదు చేయడానికి మీ రెండు శాఖలకూ ఉమ్మడిగా ఒకే ఫోను నంబరు ఇవ్వండి. ఆ కాగితం లేని బస్సు ఎక్కకుండా దిగిపోవడం, కట్టిన డబ్బు వెనక్కి అడగడం ప్రయాణికుల వంతు. ఆ హక్కు మాకుందని కూడా ఆ ఉత్తర్వులోనే రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
44వ నంబరు రహదారి మీది ఒక రాత్రి ప్రయాణికుడు