బుజ్జీ, ముందు చెయ్యి తిరగనీ, ఎమ్మెస్సీ సంగతి తరవాత

పర్లాకిమిడి
ఆదివారం మధ్యాహ్నం

ఒసే బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. గుణుపూర్‌లో పిల్లల వార్డులో నర్సుగా వేశారని చెప్పినంతసేపూ గొంతు హుషారుగానే ఉంది, చివర్లో మాత్రం "భయమేస్తోందే" అని మెల్లగా అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మన ఇంటి కబుర్లలో సగం కొట్టుకుపోతుంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వడిగింది ఎమ్మెస్సీ నర్సింగ్‌కి ఇప్పుడే అప్లై చెయ్యనా అని. వద్దే. ఎలాగూ బీఎస్సీలో 55 శాతం మార్కులతో పాటు ఏడాది అనుభవం కూడా చూపించమంటారు. కానీ నేను వద్దనేది ఆ రూలు కోసం కాదు. ఆ ఏడాదిని సర్టిఫికెట్ కోసం గడిపేసే రోజుల్లా చూస్తావేమోనని నా బెంగ. పిల్లల నర్సు తయారయ్యేది ఆ ఏడాదిలోనే, అదీ పక్కన ఒక సీనియర్ నిలబడి ఉంటేనే.

నాకు జరిగింది నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇది నేను మొదట చేరిన ఆసుపత్రి సంగతి, పేరు వద్దులే. చేరి నాలుగో నెల. పెద్దవాళ్ళ వార్డులో పనిచేస్తున్నదాన్ని, స్టాఫ్ తక్కువని ఒక సాయంత్రం పురిటి బిడ్డల యూనిట్‌కి పంపేశారు. ఇది ఇలా చెయ్యాలమ్మా అని ఒక్క పూటయినా ఎవరూ చూపించలేదు. రాత్రి రెండింటికి కిలో నాలుగు వందల గ్రాముల బిడ్డకి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ 7 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు. వయల్‌లో, అంటే ఆ మందు సీసాలో, ఒక మిల్లీలీటరుకి 40 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, అంటే 0.175 మిల్లీలీటరు తియ్యాలి. నేను 1.75 తీశాను. చుక్క ఒక స్థానం జరిగింది, మందు పదింతలైంది. పెద్దవాళ్ళకి వయల్ మొత్తం లాగెయ్యడం అలవాటైన కంటికి అది ఎక్కువని కూడా తట్టలేదు. బిడ్డని వెచ్చగా ఉంచే ఎదుటి వార్మర్ దగ్గరున్న సీనియర్ నర్సు దిది నా చేతిలో సిరంజి చూసి "ఎంత తీశావు, ఎందుకంత?" అని అడిగింది. అంతే, నా కాళ్ళు వణికాయి. ఆ మందు మోతాదు మించితే దెబ్బ తినేది కిడ్నీలు, వినికిడి. తప్పు నాదే, కాదనను. కానీ చేరి నాలుగు నెలలే అయిన నన్ను ఏమీ నేర్పకుండా అక్కడ నిలబెట్టడం కూడా తప్పేనని ఇవాళ్టికీ అంటాను.

ఆవిడ తిట్టలేదు. అదే రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. ఒక మిల్లీలీటరు మందులో మూడు మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపితే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములవుతుంది, అప్పుడు 7 మిల్లీగ్రాములంటే 0.7, ఒక మిల్లీలీటరు సిరంజి మీద గీత చక్కగా కనబడుతుంది. పిల్లల మందు ఏదైనా ఇద్దరు విడివిడిగా లెక్క కట్టాలి, ఇద్దరిదీ ఒకటే వస్తేనే ఇవ్వాలి. డాక్టర్ నోటితో చెబితే కాగితం మీద రాయించుకో, మొహమాటపడకు. బరువు ఏ రోజుకారోజు తూచు.

ఇంకోటి, మానిటర్‌ని కాదు, బిడ్డని చూడు. శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టు. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, ఇవి నోటికి రావాలి, అక్కడికి చేరిందంటే వేగం ఎక్కువైనట్టే. చొక్కా ఎత్తి చూడు, డొక్కలెగరేస్తున్నాడా లేదా. మన అమ్మమ్మలు ఆ మాట ఊరికే అనలేదు. పిల్లల్లో బీపీ చివరిదాకా నిలబడే ఉంటుంది, అది పడేసరికి మనం ఆలస్యమైపోయినట్టే. అంతకుముందే గుండె పరుగెడుతుంది, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి, చర్మం నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటుతుంది. పుస్తకంలో ఇవన్నీ చదివాం, పరీక్షలోనూ రాశాం. కానీ అవి వేళ్ళకి తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అందుకని రేపు డ్యూటీకి వెళ్ళగానే మీ ఇన్‌ఛార్జిని రెండు అడుగు. ఒకటి, మొదటి కొన్ని వారాలు నన్ను ఒక సీనియర్‌తో కలిపి వెయ్యండి, ఒంటరిగా నైట్ వెయ్యొద్దు అని. రెండోది, పురిటి బిడ్డల సంరక్షణ ట్రైనింగ్ లిస్టులో నా పేరు పెట్టండి అని. అదే ఎఫ్‌బీఎన్‌సీ, 4 రోజుల క్లాసు, తరవాత పెద్ద యూనిట్‌లో 14 రోజులు పక్కనుండి చూడడం. దానికంటే ముందు నవజాత శిశు సురక్ష 2 రోజుల ట్రైనింగ్ ఉంటుంది, పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోపే బ్యాగూ మాస్కుతో ఊపిరి అందించడం అందులో బొమ్మ మీద నేర్పిస్తారు. బొమ్మ మీద పదిసార్లు చేస్తే చాలనుకోకు, ఖాళీ దొరికినప్పుడల్లా చెయ్యి. అసలు సమయంలో ఆలోచించేంత వ్యవధి ఉండదు.

ఏడాది నిండాక నన్నడిగితే ముందు నియోనేటల్ నర్సింగ్‌లో, అంటే పురిటి బిడ్డల నర్సింగ్‌లో, పోస్ట్ బేసిక్ డిప్లొమా చెయ్యి. అది ఏడాది కోర్సు, ఎక్కువ భాగం వార్డులోనే. నేను చేసినప్పుడు ఆక్సిజన్ గురించి నా బుర్రే మారిపోయింది. అప్పటిదాకా మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 100 శాతం అని కనిపిస్తే హమ్మయ్య అనుకునేదాన్ని. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెట్టినప్పుడు అది 90 నుంచి 95 శాతం మధ్యే ఉంచాలి, ఎక్కువైతే కంటి రెటీనా పాడవ్వచ్చు. 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకి నాలుగు వారాలకల్లా కంటి పరీక్ష పడాలి. మోహన వైపు కొండల మీది ఊళ్ళకి డిశ్చార్జి చేసి పంపేటప్పుడు ఆ తేదీ తల్లికి, తండ్రికి, ఊళ్ళో ఆశా కార్యకర్త దిదికి, ముగ్గురికీ చెప్పి పంపుతాను. ఆ తరవాత నీకు పాఠం చెప్పాలనుంటే ఎమ్మెస్సీ చైల్డ్ హెల్త్ రెండేళ్ళు హాయిగా చెయ్యి, అప్పుడు నీ పాఠంలో పసిబిడ్డలు ఉంటారు. కాలేజీ వెతికేటప్పుడు ఫీజుకన్నా ముందు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లల యూనిట్‌లో ఎన్ని బెడ్లున్నాయి, పక్కనుండి నేర్పేదెవరు అని అడుగు. నువ్వు ఆంధ్రాలో చదివావు కాబట్టి ఒడిశా కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా సరిచూసుకో, అడ్మిషన్ టైములో పరుగులు పెట్టకుండా.

ఏ కోర్సులోనూ చెప్పనిది భాష. మనం ఆలోచించేది తెలుగులో, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఒడియాలో, ఛార్టు ఇంగ్లిష్‌లో, తల్లి మాట్లాడేది సవర. పోయిన నెల గుమ్మ వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, బిడ్డ పదహారు వందల గ్రాములు, చీకే బలం లేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని నేను ఒడియాలో చెప్తున్నాను, ఆవిడ తల ఊపుతోంది, మూడు పూటలు గడిచాక తెలిసింది ఏమీ అర్థం కాలేదని. వార్డు ఊడ్చే ఆవిడ సవర మనిషి, ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పించాను. బిడ్డని రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టి పెట్టాం. కంగారూ కేర్ అంటామే, 1978లో కొలంబియాలో బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది అదే. వార్మర్ దగ్గర బెదురుగా నిలబడే ఆ అమ్మాయి బిడ్డ గుండె మీదికి రాగానే తనంతట తనే మెల్లగా ఏదో పాడుకుంది. మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకున్నారు కదా, నేనూ రోజుకో నాలుగు మాటలు నేర్చుకుంటున్నాను. నొప్పి, పాలు, జ్వరం, భయపడకు. నువ్వక్కడ కువి భాష మాట్లాడే వాళ్ళనీ చూస్తావు, ఇప్పట్నుంచే ఒక చిన్న పుస్తకంలో రాసుకో.

వచ్చే ఆదివారం నీకు ఆఫ్ అన్నావుగా, పొద్దున్న పాసింజర్ ఎక్కి వచ్చెయ్యి. నా డిప్లొమా నోట్సు తీసి పెట్టాను, కొంచెం చెదలు పట్టింది కానీ మందుల లెక్కల భాగం బాగానే ఉంది. ఒక మిల్లీలీటరు సిరంజిలు కూడా తెస్తాను, నీళ్ళతో కూర్చుని ఇద్దరం పది లెక్కలు కడదాం. అమ్మ నీకోసం చింతచిగురు పప్పు చేస్తానంటోంది. ఏ బండికి వస్తావో శనివారం రాత్రి చెప్పు, స్టేషన్‌కి వస్తాను.

నీ
చిట్టి