వార్షిక నివేదిక: పాత క్రైస్తవ పుస్తకాల జాబితా, మరమ్మతు

సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడాది పనంతా పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్లలోనూ చర్చి బీరువాల్లోనూ మిగిలిన తెలుగు పుస్తకాల చుట్టూనే నడిచింది. చాలా ప్రతులకు అచ్చయిన ఏడాది లేదు. కొన్నిటికి ఆ మూలే చెదలు తినేశాయి. అందుకని ప్రచురణ సంస్థ పేరును ఆధారం చేసుకున్నాం.

మనం సి.ఎల్.ఎస్. అనే మద్రాసు సంస్థ 1858లో క్రిస్టియన్ వెర్నాక్యులర్ ఎడ్యుకేషన్ సొసైటీగా మొదలైంది. దాన్ని నిలబెట్టినవారు స్కాట్లాండుకు చెందిన జాన్ మర్డాక్. క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ అన్న పేరు 1891లో వచ్చింది. పాత పేరుంటే పుస్తకం అంతకు ముందుది, కొత్త పేరుంటే ఆ తర్వాతది. ఎస్.పి.సి.కె. అని ఉంటే అది వేరే సంస్థ, లండన్‌లో 1698లో పుట్టింది. ప్రెస్సు పేరు అచ్చు వేసినవాళ్లదే, ప్రచురించినవాళ్లది కానక్కర్లేదు. మన మొదటి జాబితాలో ఈ రెండూ కలిసిపోవడంతో, వేర్వేరు గడులు పెట్టి మళ్లీ రాశాం.

దొరలు మన ఊళ్లకు వచ్చాకే తెలుగు అచ్చు మొదలైందనే మాట ఇంకా వినిపిస్తోంది. అది తప్పు. ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ ఇటు వచ్చింది 1836లో. జర్మన్ మిషనరీ షుల్జ్ జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది 1746–47లో. బెంగాల్లోని శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్సు 1812 మార్చి 11న కాలిపోయి తెలుగు టైపు కూడా కరిగిపోయింది. అక్షరాల మూసలు చేసే ఉక్కు పంచ్‌లు బూడిదలో చెడకుండా దొరకబట్టి, కరిగిన సీసంతోనే మళ్లీ పోతపోశారు. 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన అచ్చులోకి వచ్చేసింది.

మరమ్మతులో ఎక్కువ శ్రమ పెట్టించినవి పిన్ను కొట్టిన 16, 32 పేజీల చిన్న పుస్తకాలు. మన తేమ గాలికి పిన్ను తుప్పు పట్టి, చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. పిన్నును లాగితే కాగితం కూడా ఊడి వస్తుంది. నడిమి పేజీ తెరిచి, పలచని చాకు మొనతో రెండు కాళ్లూ నిలబెట్టి, వీపు వైపు నుంచి మెల్లగా తీయాలి. తర్వాత తుప్పు మచ్చలకు ఎడంగా మూడు రంధ్రాలు పెట్టి, మధ్య రంధ్రం దగ్గర మొదలెట్టి నూలు దారంతో కుట్టి, అక్కడే ముడి వేయాలి.

బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పురుగు రాదు నిజమే, కానీ అందులోని రాగి కాగితాన్ని ఏళ్ల మీద తినేస్తుంది. మనం ఉత్త మైదానే ఏ రోజుకారోజు ఉడికించి వాడాం. సెల్లోటేపు అంటించిన ప్రతులే అన్నిటికంటే పాడై వచ్చాయి. దయచేసి ఎవరూ అంటించకండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడు పాటల పుస్తకాలు తీసుకుంటాం. ముసురు రోజుల్లో తేవద్దు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది. నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, పాత నూలు గుడ్డలో చుట్టి తీసుకురండి.