సీతాఫలాలు పంపాను, బిడ్డా

బిడ్డా,

బస్సు పార్శిల్లో డజను సీతాఫలాలు వస్తున్నాయి. బాలానగర్ రకం, కన్ను విచ్చిన కాయలే ఏరి కట్టాను. పెట్టె అందగానే గట్టివీ మెత్తవీ వేరుచెయ్యి.

గట్టి కాయను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు. చలికి తొక్క నల్లబడుతుంది, లోపల గుజ్జు బిగుసుకుపోతుంది, తర్వాత బయట పెట్టినా సరిగా పండదు. బియ్యం డబ్బాలో పెట్టు, లేదంటే పేపర్లో చుట్టి అట్టపెట్టెలో ఒకే వరసగా పేర్చు. రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఒకదాని మీద ఒకటి వేస్తే నలిగిన చోటి నుంచే పులుస్తుంది. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కు, దిగితే పండినట్టే. పండిన కాయ అయితే ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఆగుతుంది.

అక్కడ బండి మీద కొనేటప్పుడు కళ్ల మధ్య గీతలు చూడు. ఇరుగ్గా, పచ్చగా ఉంటే లేత కాయ, ఎన్నాళ్లు దాచినా తీపి రాదు. గీతలు వెడల్పై లేత పసుపు తిరిగితే తీసుకో. తొక్క పక్కన ఇసుకలా తగిలేది పండు గుణమే, పాడైందని పారెయ్యకు.

వంద గ్రాముల గుజ్జులో దాదాపు 100 కేలరీలుంటాయి. పీచు, విటమిన్ సి, పొటాషియం కూడా బాగానే ఉంటాయి. టిఫిన్ తినకుండా క్లాసుకు పరుగెత్తే రోజు బిస్కెట్ల కన్నా ఇదే నయం. మీ గదిలో ఎవరికైనా షుగర్ ఉంటే సగం కాయతో ఆపమను, ఆ పూట అన్నం తగ్గించుకోమను. ఇది తింటే జలుబు చేస్తుందన్న మాట పట్టించుకోకు, సీతాఫలం వచ్చేదే జలుబుల కాలంలో.

బాసుంది చేసుకోవాలనిపిస్తే అర లీటరు చిక్కటి పాలు సగానికి మరిగించి, రెండు చెంచాల చక్కెర వేసి పూర్తిగా చల్లారనివ్వు. ఆ తర్వాతే కప్పు గుజ్జు కలుపు. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది, ఇక ఎంత చక్కెర వేసినా పోదు. గుజ్జును గింజలతో మిక్సీలో వెయ్యకు. పెద్ద కన్నాల జల్లెడలో చెంచాతో రుద్దితే గింజలు పైనే ఉండిపోతాయి. గింజ పప్పు విషం. దాని పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, పేలకని తలకు కూడా రాయకండి. పొరపాటున గింజ మింగితే భయపడకు, నమలకుంటే అలాగే బయటికి పోతుంది.

దారిలో చిట్లిన కాయలుంటే ముందు అవే తినెయ్యి. పెట్టె అందగానే ఫోన్ చెయ్యి.

అమ్మ