గ్రూపు ఎంచుకోవాల్సింది పిల్లలే

సంపాదకునికి,

పదో తరగతి పరీక్షలు కూడా అవకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. ‘ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ’ అనగానే తల్లిదండ్రులు అడ్వాన్స్ కట్టేస్తున్నారు. షెడ్యూల్ రాకముందు అడ్మిషన్లు చేపట్టొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తున్నా వినేవాళ్లు లేరు. ఈ హడావుడిలో పిల్లల ఇష్టాన్ని అడిగేదెవరు?

మా వీధిలో ఒకమ్మాయికి లెక్కలంటే భయం, సోషల్ అంటే ప్రాణం. పక్కింటి అబ్బాయి ఇంటర్‌లో ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) గ్రూపు తీసుకున్నాడని ఆమెనూ అందులోనే చేర్పించారు. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ‘అమ్మా, టెన్షన్‌గా ఉంది, వచ్చి తీసుకెళ్లు’ అని ఒకటే ఏడుపు. ఆ తల్లి ముఖం చూడలేకపోతున్నాం.

నిజానికి దారులు చాలానే ఉన్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ సీటు వస్తుంది. సీఈసీ, ఎంఈసీ లాంటి కామర్స్ గ్రూపులు చదివి సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఫౌండేషన్ పరీక్ష రాయొచ్చు. హెచ్ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) చదివినా లాసెట్‌తో ఐదేళ్ల న్యాయవిద్యకు వెళ్లొచ్చు. ఐటీఐ సంగతి సరేసరి, అదేదో చదువు రానివాళ్లకన్నట్టు చూస్తారు. మంచి ఎలక్ట్రీషియన్ కావాలంటే మాత్రం రోజుల తరబడి ఎదురుచూస్తాం.

ఈ వివరాలు చాలా ఇళ్లకు చేరడం లేదు, పీఆర్వోలు ఎలాగూ చెప్పరు. కాబట్టి ప్రతి ఉన్నత పాఠశాలలో జనవరిలోనే తల్లిదండ్రులను, పిల్లలను కలిపి కూర్చోబెట్టి, వాళ్ల క్లాస్ టీచర్లతోనే ఇవన్నీ చెప్పించాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం